పరదా వెనకాల వెతుకులాట

బూదికోట
నవంబరు

ఫ్లోరాకు నాగరత్న రాస్తున్నది.

చేతిలో ఫోను ఉండగా ఉత్తరమేమిటే అని నవ్వకు. మా ఇంట్లో సిగ్నలు మిద్దె మీద నీళ్ళ ట్యాంకు పక్కన ఒక్కచోటే దొరుకుతుంది. అక్కడ నిలబడి మాట్లాడితే ఎదురింటివాళ్ళు కూడా జవాబులు చెబుతారు. ఈ సంగతి వాళ్ళ చెవిన పడకూడదు.

మా నాయన రాసిన మూడు నాటకాలనే మా ఊరు మార్చి మార్చి ఆడుతుందని, పరదా పక్కన కూర్చుని అందరికీ మాట అందించే ప్రాంప్టరు కూడా ఆయనేనని నీకు తెలుసు. పోయిన జాతరలో కళ్ళు మసకేసి రెండు పేజీలు ఒకేసారి తిప్పేశాడు. దొరకు పెళ్ళి కాకముందే దొర కొడుకు యుద్ధంలో చచ్చిపోయాడు. ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత చాలా రోజులు నాయన సరిగ్గా అన్నం తినలేదు.

ఇప్పుడు కమిటీ పెద్ద మునివెంకటప్ప ప్రాంప్టరును మార్చాలంటున్నాడు. మా చిన్నాయన కొడుకు బచ్చప్ప ఆ చోట అప్పుడే తువ్వాలు వేసేశాడు. ఫ్లోరా, నాకు ఆ చోటు కావాలి. ఊహ తెలిసినప్పటి నుంచి కావాలి. అందుకే సిగ్గు విడిచి అడిగేశాను. ఆడమనిషి గొంతు స్టేజీ దాకా చేరదన్నారు. పట్టుపురుగుల షెడ్డులోంచి నేను కేకేస్తే మల్బరీ తోట అవతలి కూలీలు పరుగెత్తుకొస్తారు, గొంతు సంగతి మీరు మాట్లాడొద్దన్నాను. చివరికి మునివెంకటప్ప దిగొచ్చాడు. వచ్చే జాతరకు 'ఎర్రకొండ దొర' నాటకం నా చేతిలో పెడతారు. సరిగ్గా జరిగితే చోటు నాది. తప్పితే ఇక ఎప్పటికీ బచ్చప్పది.

నా తలనొప్పంతా శివరాజ్. దొర వేషం అతనిదే. మీ కేజీఎఫ్ బస్సు కండక్టరు కదా, ఏ స్టాపు తర్వాత ఏ స్టాపో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు, డైలాగు మాత్రం ఒక్కటీ గుర్తుండదు. మొదటి అంకంలో ఉన్నవాడు మూడో అంకానికి దూకేస్తాడు. నేను పేజీలు తిప్పి వెతికేలోగా జనం లేచి ఇళ్ళకు పోతారు. నీ డీటీపీ షాపులో నువ్వు నాలుగు అక్షరాలు కొడితే చాలు, ఆ మాట ఎక్కడుంటే అక్కడికి తీసుకుపోయేది ఒకటుంది కదా, అది నాకు కావాలి. నాటకాలు ఫోనులో టైపు చేసే ఉంచాను. ఎలా పెట్టుకోవాలో కాగితం మీద విడమరిచి రాయి. ఒక చేత్తో కాగితం పట్టుకుని ఇంకో చేత్తో కొడతాను.

ఉత్తరం శివరాజ్ చేతికే ఇస్తున్నాను. పోస్టు కంటే బస్సు నయం. జిగురు దట్టంగా పూశాను.

నీ నాగరత్న

*

కోరమండల్, కేజీఎఫ్
నవంబరు

నాగూ,

ప్రభువు నీకు ఓపిక ఇవ్వాలి, నాకు అంతకంటే ఎక్కువ ఇవ్వాలి. తెలుగు మాటల్ని కన్నడ అక్షరాల్లో రాసే అలవాటు మీ ఊరివాళ్ళు ఈ జన్మలో మానరు. నీ ఉత్తరం చదవడానికి నాకు రెండు కాఫీలు పట్టాయి. మా ఆయన సెల్విన్ అది కోర్టు నోటీసేమో అనుకుని పక్కనే నిలబడిపోయాడు, బెంగళూరు రైలు కాస్తా వెళ్ళిపోయింది.

షాపులో పాత ల్యాప్‌టాప్ ఒకటి ఊరికే పడి ఉంది. శివరాజ్ సీటు కింద పెట్టి పంపుతున్నాను. నేను వాడే ఎడిటరే అందులో ఉంది. ఎడిటరంటే ఉత్త ఖాళీ కాగితం, రాయించుకోవడం తప్ప దానికేమీ తెలియదు. వెతికి పెట్టేది దానికి తగిలించే ప్లగిన్. అదీ ఒంటరిగా రాదు. పెళ్ళికూతురికి తోడుపెళ్ళికూతురు ఉన్నట్టు, ఫైళ్ళ లోపలికి పోయి చూసొచ్చే చిన్న ప్రోగ్రాం ఒకటి దానికి తోడు కావాలి. ముందు తోడుపెళ్ళికూతుర్ని ఇంటర్నెట్ నుంచి దింపు, తర్వాతే అసలామెను. తిరగేసి చేస్తే ఇద్దరూ అలుగుతారు.

వేరే కాగితం మీద కొన్ని లైన్లు రాశాను. సెట్టింగుల ఫైల్లో వాటిని ఉన్నవి ఉన్నట్టు కొట్టు. కామా ఉన్నచోట కామా, లేనిచోట లేదు. బాగుంటుంది కదా అని నీ చేతి నుంచి ఏదీ చేర్చొద్దు. సేవ్ చేసి, ఎడిటర్ మూసి, మళ్ళీ తెరువు. స్పేస్ కొట్టి ఎస్ కొడితే వెతికే పెట్టె వస్తుంది. నాలుగు అక్షరాలు కొట్టగానే దొరికినవన్నీ వరసగా నిలబడతాయి, కావలసిన దాని మీద ఎంటర్ కొడితే ఆ చోటికి పోతావు. స్పేస్ కొట్టి హెచ్ కొడితే అంకాల పేర్లు వస్తాయి. కంట్రోలు పట్టుకుని ఓ కొడితే ఇంతకు ముందున్న చోటికి వెనక్కి వస్తావు. మనుషులకు లేని సౌకర్యం అది, బాగా వాడుకో.

ఇంకో మాట. ఒక్కో నాటకాన్ని ఒక్కో ఫోల్డర్లో పెట్టు. అన్నీ ఒకే ఫోల్డర్లో కుక్కితే అన్నింట్లోనూ వెతుకుతుంది.

ఫ్లోరా

*

బూదికోట
డిసెంబరు

ఫ్లోరా,

ల్యాప్‌టాప్ క్షేమంగా చేరింది. శివరాజ్ దానికి హాఫ్ టికెట్ కొట్టాడు.

తోడుపెళ్ళికూతురు దిగడానికి సాయంత్రమైంది. ఫోను ట్యాంకు మీద పెడితేనే ల్యాప్‌టాప్‌కు ఇంటర్నెట్. అందుకని ఫోను ట్యాంకు మీద, నేను మిద్దె మెట్ల మీద, ల్యాప్‌టాప్ నా ఒళ్ళో. కాస్త దిగగానే కాకి వచ్చి ఫోనును పొడిచేది, నేను లేచి కాకిని తరిమేదాన్ని, దిగినది మళ్ళీ మొదటికి వచ్చేది.

తర్వాత నువ్వు రాసిన లైన్లు కొట్టి తెరిచాను. తెర నిండా ఎర్ర అక్షరాలు. నాయన పక్కన కూర్చుని ఏమంటోందని అడిగాడు. కోపంగా ఉందన్నాను. కామాలన్నీ ఒకటికి రెండుసార్లు సరిచూశాను. చివరికి తేలిందేమంటే, అన్నింటికంటే పైన నేను 'శ్రీ' రాసి మొదలుపెట్టాను. ఏం రాసినా అలా మొదలుపెట్టకపోతే నాకు చెయ్యి సాగదు. దాన్ని తీసేయగానే శాంతించింది. నువ్వు ఏదీ చేర్చొద్దన్నావు, నిజమే. కానీ 'శ్రీ' కూడా చేర్చడం కిందికి వస్తుందని నాకేం తెలుసు?

అసలు బాధ ఇప్పుడు చెబుతాను. వెతికే పెట్టె వచ్చింది. 'దొర' అని కొట్టాను. లేదంది. నాటకం పేరే 'ఎర్రకొండ దొర'. 'యుద్ధం' కొట్టాను, లేదంది. 'కోట', 'రాణి', 'కత్తి', ఏది కొట్టినా లేదు. నాయన "నా నాటకంలో ఏమీ లేదని చెప్పేదానికి ఈ పెట్టె కావల్నా? బచ్చప్ప ఊరికే చెప్తాండాడు గదా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు ఏడుపొచ్చింది. ఏం తప్పు చేశానో తొందరగా రాయి.

నాగరత్న

ఫ్లోరక్కకు శివరాజ్ నమస్కారాలు. నేను ఈ ఉత్తరం చదవలేదు. బస్సులో ఎండకు కవరు తానే విచ్చుకుంది. నాకు డైలాగులు గుర్తుండవని మొదటి ఉత్తరంలో రాసింది మాత్రం అబద్ధం. అన్నీ గుర్తుంటాయి, వరస ఒక్కటే తప్పుతుంది.

*

కోరమండల్
డిసెంబరు

నాగూ,

క్రిస్మస్ కేకులకు పిండి కలుపుతూ నీ ఉత్తరం చదివాను. నవ్వు ఆగక పిండి మా అత్త మీద పడింది.

నీ ప్లగిన్ బాగానే ఉంది. నువ్వు నాటకాన్ని కన్నడ అక్షరాల్లో టైపు చేశావు. నేను కీబోర్డును తెలుగులో పెట్టి పంపాను. తెలుగులో రాసిన దొరను అడిగితే కన్నడలో రాసిన దొర ఎలా పలుకుతాడు? మనం చదివితే రెండూ ఒకటే మాట. దానికి చదవడం రాదు, ఆకారాలు పోల్చుకోవడమే వచ్చు. విండోస్ బొమ్మ ఉన్న కీ పట్టుకుని స్పేస్ కొడితే కన్నడకు మారుతుంది, మళ్ళీ కొడితే తెలుగుకు వస్తుంది. ఏది కొట్టేముందైనా కింది మూలలో ఏ భాష ఉందో చూసుకో. మదనపల్లె వాళ్ళు ఆడతామంటే మీ నాయన 'చౌడమ్మ పెళ్ళి' నాటకాన్ని నేనే తెలుగు అక్షరాల్లో టైపు చేసిచ్చాను. అదొక్కటే తెలుగు లిపిలో ఉంది. దాన్ని వేరే ఫోల్డర్లోకి తోసెయ్, లేకపోతే తికమక పడతావు.

శివరాజ్ తమ్ముడూ, ఈ ఉత్తరం కూడా నువ్వు చదవడం లేదని నాకు తెలుసు. చదవకుండానే మూడో అంకం నేర్చుకో.

ఫ్లోరా

*

బూదికోట
ఫిబ్రవరి

ఫ్లోరా,

నీ నోట్లో చక్కెర పోయాలి. కన్నడకు మార్చి 'దొర' అని కొట్టగానే తెర నిండా దొరలే. నాయన కళ్ళకు అక్షరాలు కనిపించవు గానీ, వరస పొడుగు చూసి మురిసిపోయాడు.

రిహార్సల్ రోజూ జరుగుతోంది. శివరాజ్ ఎక్కడికి దూకితే నేనూ అక్కడికి దూకుతున్నాను. మొన్న ఒక చిక్కొచ్చింది. ల్యాప్‌టాప్ వెలుతురు పరదా మీద పడి, దొర దర్బారులో పట్టపగలు చందమామ పొడిచాడు. బచ్చప్ప శత్రు సేనాపతి వేషంలో ఉన్నాడు. కత్తి పక్కన పెట్టి ఆ చందమామకు దండం పెట్టాడు. నన్ను ఏడిపించడానికే పెట్టాడు.

నాయనకు మాత్రం ఇంకా మనసొప్పడం లేదు. మాట మరిచేముందు మనిషి గొంతులో ముడి కదులుతుందట, ప్రాంప్టరు చూడాల్సింది దాన్నట. నువ్వు తెర చూస్తూ కూర్చుంటే వాడి గొంతు ఎవరు చూస్తారు అంటాడు. రెండూ చూస్తానన్నాను.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. జాతరకు తప్పకుండా రా. నువ్వు ముందు వరసలో ఉంటే నాకు ధైర్యం.

నాగరత్న

*

కోరమండల్
మార్చి

నాగూ,

తెరను నలుపు రంగుకు, అక్షరాలను బూడిద రంగుకు మార్చు. ఎలాగో వెనక పేజీలో రాశాను. చందమామ అస్తమిస్తాడు.

మీ జాతర రోజు మాకు గుడ్ ఫ్రైడే పడింది. చర్చి క్వాయర్లో నేను లేకపోతే పాటను నిలబెట్టేవాళ్ళు లేరు, నేను రాలేను. నీ కోసం ప్రార్థన చేస్తాను. నిజం చెప్పనా, నీ ఉత్తరం చూస్తే నాకు భయంగా ఉంది. అన్నీ చేశానన్నావు గానీ ఫోల్డర్లు వేరు చేశానని మాత్రం ఎక్కడా రాయలేదు. నిన్ను నేను ఎరగనా?

ఫ్లోరా

*

బూదికోట
జాతర మర్నాడు

ఫ్లోరా,

వేరు చెయ్యలేదు. కావాలనే చెయ్యలేదు. తిట్టేముందు మొత్తం చదువు.

మా ఊళ్ళో వన్స్‌మోర్ అంటే అదే పాట మళ్ళీ పాడడం కాదు. ఆ వేషగాడు ఇంకో నాటకంలో బాగా పాడిన పాట తెచ్చి ఇందులో పాడాలి. అది మర్యాద. ఎప్పుడు ఏ నాటకంలోంచి అడుగుతారో తెలియదు, అందుకే మూడూ ఒకే ఫోల్డర్లో ఉంచాను. నీకు చెబితే ఒప్పుకోవని చెప్పలేదు.

పొద్దు గూకగానే నాటకం మొదలైంది. మొదటి అంకంలో శివరాజ్ తప్పిపోతే, రెప్పపాటులో పట్టుకొచ్చాను. రెండో అంకంలో వన్స్‌మోర్ అని కేకలు వేశారు, 'చౌడమ్మ పెళ్ళి' పాట కావాలన్నారు. కీబోర్డు తెలుగుకు మార్చి నాలుగు అక్షరాలు కొట్టాను, పాట వచ్చి నిలబడింది. జనం ఈలలు వేశారు. ముందు వరసలో నాయన తల ఊపడం పరదా సందులోంచి చూశాను. ఆ తలూపు చూసిన సంతోషంలో కీబోర్డును మళ్ళీ కన్నడకు మార్చడం మరిచాను.

మూడో అంకం. కోట వాకిట్లో బచ్చప్ప సేనతో నిలబడ్డాడు. శివరాజ్ కత్తి దూసి, "కన్న గడ్డ మీద ఆన, నా పానముండగా" అని ఆగిపోయాడు. గొంతులో ముడి కదలడం చూశాను ఫ్లోరా, నాయన చెప్పినట్టే చూశాను. వెంటనే 'కన్న గడ్డ' కొట్టాను. నాయన ఆ ఒట్టును మూడు నాటకాల్లోనూ పెట్టాడు. తెలుగులో కొడితే తెలుగులో ఉన్నదే వస్తుంది కదా. ఎంటర్ కొట్టి, వచ్చిన లైను చదివి అందించేశాను. ఆ తొందరలో కన్నడమేదో తెలుగేదో నా కంటికి ఆనలేదు. నేను ఏది అందిస్తే అది పలకడం శివరాజ్‌కు అలవాటు. కత్తి అలాగే పైకెత్తి, శత్రు సేనాపతి వైపు చూసి గర్జించాడు.

"నా పానముండగా ఈ వాకిట్లో ఎవురూ ఆకలితో పోకూడదు. బావా, ఇంగో ముద్ద ఏయించమంటావా?"

పెళ్ళి నాటకంలో బచ్చప్పది పెళ్ళికొడుకు మేనమామ వేషం, రాగిముద్దలోకి పులుసు అడిగే వేషం. ఆ మాట చెవిన పడగానే అలవాటు కొద్దీ నోరు తెరిచాడు.

"ముద్ద సరే, సారు యాడ?"

జాతరంతా ఘొల్లుమంది. బచ్చప్ప నాలుక కరుచుకున్నాడు. నేను కంట్రోలు, ఓ కొట్టి వెనక్కి వచ్చాను. యుద్ధం అక్కడే ఉంది, కానీ ముద్ద దగ్గర్నుంచి యుద్ధానికి పోయే మాట ఏ ఫైల్లోనూ లేదు. ఇద్దరూ పరదా వైపే చూస్తున్నారు. పోయిన ఏడు నవ్విన నవ్వే మళ్ళీ వినిపిస్తోంది. ల్యాప్‌టాప్ మూసేశాను. నోటికి వచ్చింది శివరాజ్‌కు అందించాను. అతను కత్తి దించి చెప్పాడు.

"నా వాకిట్లో ఆకలితో నిలబడినోడు నాకు శత్రువు కాదు. ముందు తిను. తిన్నాక గూడా నా కోట కావాలంటే తాళం నేనే ఇస్తాను."

నవ్వు ఆగింది. బచ్చప్ప నా వైపు చూశాడు. అతనికీ అందించాను. పళ్ళు కొరుకుతూనే, కత్తి నేల మీద పెట్టి అన్నాడు.

"నీ ముద్ద తిన్న చేత్తో నీ వాకిలి పగలగొట్టలేను."

ప్రతి జాతరకూ ముందు వరసలో కూర్చునే ముసలి చెన్నమ్మవ్వ కళ్ళు తుడుచుకుంది. పరదా లాగేవాడు నాటకం అయిపోయిందనుకుని లాగేశాడు. వెనక సిపాయిలు మీసాలు అంటించుకుని, డాళ్ళు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. టపాకాయలు కాల్చేవాడు ఎప్పుడు కాల్చమంటారని ఇప్పటికీ అడుగుతున్నాడు. జాతరలో అందరూ ఎదురుచూసేది ఆ యుద్ధం కోసమే. నాయన ప్రాణం పెట్టి రాసిన యుద్ధం.

సందులోంచి చూస్తే ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రేపు కమిటీ కూర్చుంటుంది.

నాగరత్న

*

కోరమండల్
ఏప్రిల్

నాగూ,

నీ చెవి పట్టుకుని మెలిపెట్టాలని మొదటి పేజీలో అనిపించింది. చివరికి వచ్చేసరికి నేనే ఏడ్చాను. సెల్విన్‌కు చదివి వినిపించాను, ఆ సేనాపతికి సారు పోశారా లేదా అని అడుగుతున్నాడు.

శివరాజ్‌ను బస్సులో అడిగి చూశాను. టికెట్లు కొడుతూ 'ముందు తిను' అని తనలో తాను అనుకుంటున్నాడు. కమిటీ ఏమందో రాయి. నాకు షాపులో చెయ్యి ఆడడం లేదు.

ఫ్లోరా

*

బూదికోట
ఏప్రిల్

ఫ్లోరా,

కమిటీ బడి వరండాలో కూర్చుంది. నాటకంలో లేని మాటలు తన నోట పెట్టానని బచ్చప్ప అన్నాడు. వేషాలు కట్టి ఊరికే చెమట కార్చామని సిపాయిలు అన్నారు. చెన్నమ్మవ్వ మాత్రం ఆ దొర ఇన్నేళ్ళకు మనిషయ్యాడంది. మునివెంకటప్ప ఎటూ తేల్చలేక నాయన వైపు చూశాడు.

నాయన లేచి నిలబడ్డాడు. ల్యాప్‌టాప్ తెమ్మన్నాడు. ఆ మాట తాను ఎప్పుడో రాసి మరిచాడేమో, వెతకమన్నాడు. అందరూ తెర మీదికి వంగారు. 'ముందు తిను' అని కన్నడలో కొట్టాను, లేదు. తెలుగులో కొట్టాను, లేదు. మూడు నాటకాల్లోనూ లేదు. లేదు నాయనా అన్నాను.

అయితే ఆ చోటు బచ్చప్పకే ఇవ్వండన్నాడు. ప్రాంప్టరన్నవాడు రాసినోడి మాట అందించాలి తప్ప సొంత మాట చెప్పకూడదు, నా కూతురు చెప్పింది, అన్నాడు. బచ్చప్ప కూడా ఆశ్చర్యపోయాడు. తువ్వాలు భుజం మీద వేసుకోవడం కూడా మరిచాడు.

నాకు నాయన మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఇల్లు చేరేదాకా ఆయన చెయ్యి పట్టుకోలేదు. నేరుగా షెడ్డులోకి పోయి పురుగులకు ఆకు వేస్తూ నిలబడ్డాను. కాసేపటికి ఆయన గోడ తడుముకుంటూ వచ్చి, బుట్ట బోర్లించి దాని మీద కూర్చున్నాడు. పెట్టె తెరిచి మూడో అంకం తియ్యమన్నాడు. ఎందుకు, చదివేది బచ్చప్ప కదా అన్నాను.

"బచ్చప్ప చదివేది ఆడుండే మాట గాదు," అన్నాడు నాయన. "యుద్ధం కొట్టెయ్. నువ్వు చెప్పింది ఆడ పెట్టు. నాకు కళ్ళు పోయినాయి, మాట గూడా పాతదైపోయింది. పరదా ఎనకాల ఎవురైనా కూర్చుంటారు. రాసేవాళ్ళు నాకు దొరకలేదు, మొన్న దొరికినారు."

అప్పుడు నేను ఏడ్చాను ఫ్లోరా. నాయన ముందర అలా ఎప్పుడూ ఏడవలేదు.

ఆకు అంటిన చేతులు తుడుచుకుని, స్పేస్, హెచ్ కొట్టి మూడో అంకానికి పోయాను. ఏళ్ళ తరబడి జరిగిన యుద్ధాన్ని చెరిపేశాను. దొర మాట పెట్టాను, సేనాపతి మాట పెట్టాను. ఆ తర్వాత అంతా ఖాళీ. అలవాటు కొద్దీ నాయన వైపు తిరిగి, తర్వాతేమిటని అడిగాను. ఎవరు మాట మరిచినా ఆయన రెప్పపాటు కూడా ఆగనిచ్చేవాడు కాదని నీకు తెలుసు కదా. ఇప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

"నాకు తెలీదమ్మా. నువ్వు చెప్పు, నేను ఇంటా."

ఉత్తరం ఇక్కడ ఆపుతున్నాను. ఆయన ఇంకా వినడానికి కూర్చునే ఉన్నాడు.

నాగరత్న